ఆటగాడు ఆచార్యుడైన కథ



ద్రోణుడు హస్తినాపురమునకు వచ్చిన నాటి మొదటి ముచ్చట బంతిని గూర్చినదని ఆంధ్రభారతమున ఆదిపర్వము చదివినవారెల్లరు ఎరుగుదురు. రాకుమారులు ఆడుకొనుచుండగా బంతి నూతిలో పడెను. అందరును నూతి చుట్టు చేరి తొంగిచూచుచుండిరే గాని తీయు ఉపాయము ఒక్కనికిని తోచలేదు. ఆ దారిని వచ్చిన పేద బ్రాహ్మణుడొకడు బాణము వెనుక బాణము నాటి, గొలుసువలె కూర్చి, దానిని పైకి తీసెను. భీష్ముడు ఆ వార్త విని ఆయనను పిలిపించి, ధనధాన్యములిచ్చి, మనుమలను అప్పగించెను. ఈ కథలో జనులు విలువిద్యనే చూతురు. దీనికి ముందు కథ యొకటి కలదు. కొడుకునకు పాలు లేక, చిన్ననాటి చెలికాడైన ద్రుపదునొద్దకు పోయి, అవమానపడి, తన విద్యకు వెల కట్టుకొని బ్రతుకుటకే ద్రోణుడు హస్తిన చేరెను. అనగా, చేతనున్న విద్యకును కడుపునకును గల సంబంధమేమి, తాను ప్రయోగించుటకును ఒరులకు నేర్పుటకును గల భేదమేమి అను రెండు చిక్కులును భారతము నాటివే.

ఆ రెండు చిక్కులను తన బ్రతుకున పూర్తిగా అనుభవించిన అమెరికా దేశపు టెన్నిసు ఆటగాడు డెన్నిస్ రాల్స్టను. ఆతని చరిత్రమే నేటి ప్రసంగ విషయము. గ్రంథాలయ రజతోత్సవ సభలో బంతియాట ముచ్చట యేమని కొందరికి తోచవచ్చును. చదివి నేర్చునది కొంత, గురుముఖమున నేర్చునది కొంత. ఆ రెండవదానిని గూర్చి పుస్తకముల నడుమ కూర్చుండి వినుట అనుచితము కానేరదు.

మొదట ఆట సంగతి. టెన్నిసు ఆటస్థలము 78 అడుగుల పొడవు. ఇద్దరు ఆడునప్పుడు 27 అడుగుల వెడల్పు, నలుగురు ఆడునప్పుడు 36 అడుగుల వెడల్పు. నడుమ వల, మధ్యభాగమున 3 అడుగుల ఎత్తు. లెక్క కట్టిచూచిన మొత్తము ఆరున్నర సెంట్ల నేలకు మించదు. ఈ ఆరున్నర సెంట్ల నేలపై, తెల్లసున్నపు గీతల లోపల బంతి పడినదా వెలుపల పడినదా యను ఒక్క ప్రశ్నమీద మానము, ధనము, దేశముల పేరుప్రతిష్ఠలు ఆధారపడియుండును. గట్టు తగవులు చూచినవారికి దీనిలో వింత యేమియు తోచదు.

రాల్స్టను 1942 జూలై 27న కాలిఫోర్నియా రాష్ట్రమున బేకర్స్‌ఫీల్డు పట్టణమున పుట్టెను. అది ప్రత్తిచేలకును, నూనెబావులకును పేరుపడిన ప్రాంతము. ఆ చోటినుండి వచ్చిన పిల్లవాడు 1960లో, పదునెనిమిదవ యేడు నిండకముందే, ఇంగ్లండులోని వింబుల్డనులో జంట ఆట బహుమానము గెలిచెను. జోడుగా ఆడినవాడు మెక్సికో దేశీయుడు రఫేల్ ఓసునా. ఆ జంట గెలుచునని నిర్వాహకులు ఎన్నినవారి పట్టీలో వారి పేర్లే లేవు. తుది పోటీలో బ్రిటిషు జంటయైన మైక్ డేవీసు, బాబీ విల్సనులను 7-5, 6-3, 10-8 లెక్కను ఓడించిరి. ఈ ఓసునా 1963లో అమెరికా జాతీయ బహుమానము సైతము గెలిచి, 1969 జూనులో విమాన ప్రమాదమున అకాల మరణము పొందెను. మెక్సికోలో ఆతని పేరు నేటికిని గౌరవముతో తలచుకొందురు.

తరువాత రాల్స్టను లాస్ ఏంజిలిసులోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటి శిక్షకుడు జార్జి టోలీ. 1962, 1963, 1964 సంవత్సరములలో ఆ విశ్వవిద్యాలయపు జట్టు దేశములోని కళాశాలల కెల్ల మిన్న యయ్యెను. 1963, 1964లలో కళాశాల విద్యార్థుల ఒంటరి ఆట బహుమానము రాల్స్టనుదే. జంట ఆటలోను ఆ రెండేండ్లు ఆతడే గెలిచెను, మొదటియేడు ఓసునాతోను, రెండవయేడు బిల్ బాండుతోను. కళాశాల యనగా నేమి, జట్టు యనగా నేమి, అచ్చట శిక్షకుని స్థానమేమి యను సంగతులు ఆతనికి శిష్యుడుగా ఉన్నప్పుడే బోధపడినవి. ఇరువదేండ్ల తరువాత అవే అక్కరకు వచ్చెను.

ఇంతవరకు వెన్నెల. చీకటియు చెప్పవలెను. ఈ కుఱ్ఱవాడు మహాకోపి. కొట్టిన బంతి తప్పిన, తనను తానే తిట్టుకొనును. గీతల యొద్ద తీర్పరి చెప్పిన మాట నచ్చని, ముఖము ఎఱ్ఱబారును. చేతిలోని రాకెట్టుకు రక్ష లేదు. ఆ దినములలో అమెరికా పత్రికలలో డెన్నిస్ అను చిలిపి పిల్లవాని బొమ్మకథ వెలువడుచుండెడిది. ఇంటనున్నవారికి, ఇరుగుపొరుగువారికి ఆ పిల్లవాడు చేయు ఉపద్రవము ఇంతంత కాదు. పేరు కలిసినది గనుక పత్రికలవారు ఆ బిరుదమునే ఈతనికి తగిలించిరి. 1961లో క్లీవ్‌లండు పట్టణమున మెక్సికోతో జరిగిన డేవిస్ కప్పు పోటీలో ఈతని ప్రవర్తన శ్రుతిమించినదని చెప్పి, అమెరికా టెన్నిసు సంఘమువారు కొంతకాలము ఆటనుండి తొలగించిరి. పందొమ్మిదేండ్ల వానికి అది చిన్న శిక్ష కాదు. పెద్దలు కోపపడినది న్యాయమే కావచ్చును. ఐనను, ఒక పిల్లవానికి పెట్టిన పేరు వాడు పెద్దవాడైన వెనుక కూడ తోకవలె వెంబడించుట న్యాయమని చెప్పుటకు వీలులేదు. రాల్స్టనును ఆ పేరు చివరివరకు వదలలేదు.

1963 సంవత్సరము ఆతనికి కలిసివచ్చినది. ఆ యేడు డేవిస్ కప్పు పోటీలలో అమెరికా జట్టు మన బొంబాయికి వచ్చి, భారతదేశమును 5-0 లెక్కను ఓడించి పోయెను. రామనాథన్ కృష్ణను ఉన్న జట్టది. ఆనాటి అమెరికా జట్టునకు రెండు కన్నులు చక్ మెకిన్లీ, రాల్స్టను. వారు ఇచ్చటినుండి ఆస్ట్రేలియాకు పోయి, డిసెంబరు నెలలో అడిలైడున తుది పోటీ ఆడిరి. మొదటినాడు రాల్స్టను, అప్పటికి పందొమ్మిదేండ్ల వాడైన జాన్ న్యూకంబును ఐదు సెట్లలో ఓడించెను. జంట ఆట అమెరికాదే. రాల్స్టను రెండవ ఒంటరి ఆటలో ఎమర్సనుచేత ఓడగా, చివర మెకిన్లీ న్యూకంబును ఓడించి కప్పు గెలిపించెను. మరుసటియేడు స్వదేశమున, ఆ క్లీవ్‌లండులోనే, ఆ కప్పు తిరిగి చేజారినది. స్టోలీతో రాల్స్టను ఐదు సెట్లు పోరాడి ఓడుటయు అందుకొక కారణము. మూడేండ్లు వరుసగా దేశమున మొదటి స్థానము తనదే ఐనను, గెలిచిన ఆటలకంటె ఓడిన ఆటలనే జనులు ఎక్కువగా ఎంచుచుండిరి. 1966లో వింబుల్డను ఒంటరి ఆట తుది పోటీకి చేరెను. స్పెయిను దేశపు మాన్యుయెల్ సంతానా 6-4, 11-9, 6-4 లెక్కను ఆతని నోడించెను. అంతకంటె పైమెట్టు ఆతడెన్నడును ఎక్కలేదు.

ఇక ధనము సంగతి. ఇది కొంచెము నిదానముగా చెప్పదగినది.

ఆ కాలమున టెన్నిసున రెండు కులములుండెడివి. వినోదమునకై ఆడువాడు అమెచ్యూరు. వెల తీసికొని ఆడువాడు వృత్తికాడు. వింబుల్డను మొదలగు గొప్ప పోటీలన్నియు మొదటివారికే. రెండవవారికి ప్రవేశము లేదు. పైకి చూచిన ఇది నిష్కామకర్మవలె కనబడును. లోపలి జమాఖర్చు వేరు. పేరుపడిన అమెచ్యూరులకు పోటీ నిర్వాహకులు ప్రయాణపు ఖర్చులను పేర ధనము ముట్టజెప్పుచుండిరి. ఎక్కిన బండికి కూలి, ఎక్కని బండికి కూలి, తినని పూటకు బత్తెము. చిఠ్ఠాలో ఒకటి, చేతిలో ఒకటి. పుస్తకములు సరిచూచుటకు అలవాటుపడిన కన్నునకు ఇట్టి లెక్క ఎంతటి నీచమైనదో వేరుగ చెప్పనక్కరలేదు. బాహాటముగా కూలి పుచ్చుకొన్నవానిని వెలివేసి, చాటున పుచ్చుకొన్నవానికి హారతులిచ్చు సంఘమును ధర్మసంఘమనుట కష్టము.

రాల్స్టను 1966 చివరను వెలి కులమున చేరెను. అనగా బాహాటముగా ధనము పుచ్చుకొని ఆడుటకు ఒప్పందము వ్రాసెను. 1967లో న్యూ ఆర్లియన్సువాడు డేవ్ డిక్సను, డల్లాసు ధనికుడు లామర్ హంటు కలిసి ఒక కొత్త వృత్తిక్రీడా సంస్థను నెలకొల్పి ఎనమండుగురు ఆటగాండ్రను కూర్చిరి. న్యూకంబు, రోచి, పిలిచి, టేలరు, బార్తెసు, బుక్‌హోల్జు, డ్రైస్‌డేలు, రాల్స్టను. ఎనమండుగురు అందగాండ్రని వారికి ప్రచారపు పేరు. తెల్లబట్టలకు బదులు రంగుచొక్కాలు తొడిగిరి. చూచువారు నోరు మూసికొని కూర్చుండ నక్కరలేదు, కేకలు వేయవచ్చునని చాటిరి. ఊరూరను డేరా దించి, డేరా ఎత్తి, వీథినాటకపు మేళమువలె వారు తిరిగిరి. చూచి నవ్వినవారు కలరు. ఐనను వారి వలననే పాతగోడ కూలినది. అమెచ్యూరులలో మిగిలిన మేటి ఆటగాండ్రనెల్ల వృత్తి మేళములవారు ఎత్తుకొనిపోవుట చూచి, ఇంగ్లండు టెన్నిసు సంఘము 1967 డిసెంబరులో ఈ రెండు కులముల భేదమును కొట్టివేసెను. 1968 ఏప్రిలులో బోర్న్‌మతు పట్టణమున అందరును కలిసి ఆడిన మొదటి పోటీ జరిగెను.

ఆ తరువాతను రాల్స్టను కొన్నియేండ్లు బాగుగనే ఆడెను. 1970లో ఆస్ట్రేలియా పోటీలో న్యూకంబుతో ఆడిన ఆటలో మొదటి రెండు సెట్లే 19-17, 20-18 వరకు సాగినవి. ఆ ఆట గెలిచినవాడు రాల్స్టనే. ఆ యేటనే అమెరికా బహిరంగ పోటీలో, అంతకుముందు సంవత్సరము నాలుగు మహాబహుమానములు గెలిచిన రాడ్ లేవరును ఐదు సెట్లలో ఓడించెను. అప్పటికే మోకాళ్లు చెడసాగెను. శస్త్రచికిత్సలు మొదలయ్యెను.

గోడ కూలినను డేవిస్ కప్పు వాకిలి మాత్రము ఒప్పందపు వృత్తికాండ్రకు 1973 వరకు తెరువబడలేదు. దేశము పక్షమున ఆడుటకు రాల్స్టనుకు అర్హత లేకపోయెను. ఆడుటకు తగనివాడు ఆడించుటకు తగునా? తగునని అమెరికావారు ఎంచిరి. 1968లో డొనాల్డు డెల్ నాయకుడుగా నున్న జట్టునకు రాల్స్టనును శిక్షకునిగా పెట్టిరి. ఇరువదియారేండ్ల వయసున, తోటివారు లోపల ఆడుచుండగా, గీత కీవల నిలిచి చూచుట అలవాటు చేసికొనవలసి వచ్చెను. ఆతడు శిక్షకుడైన విధము ఇది. ముదిమి వలన గాదు, నిషేధము వలన. ఆ యేడు అమెరికా కప్పు గెలిచి, 1971 వరకు నిలుపుకొనెను. 1972లో రాల్స్టను నాయకుడే యయ్యెను.

ఆ సంవత్సరపు కథ ఈ చరిత్రమున కెల్ల గుండెకాయ.

అంతవరకు, ముందటియేడు కప్పు గెలిచిన దేశము ఇంట కూర్చుండి తుది పోటీ మాత్రము ఆడెడిది. 1972లో ఆ పద్ధతి మార్చిరి. అందరును మొదటినుండి ఆడవలెను. తుది పోటీ రుమేనియా రాజధాని బుకారెస్టున, అక్టోబరు 13 మొదలు మూడు దినములు. ఇలీ నస్తాసే, అయాన్ టిరియాకు ఆ దేశపు వీరులు. ఎఱ్ఱమట్టి నేల, అమెరికావారికి అలవాటు తక్కువైన నేల. అంతకు ఐదు వారములకు పూర్వమే మ్యూనికు ఒలింపిక్సున ఇజ్రాయెలు జట్టువారిని పదునొకండుగురిని హంతకులు బలిగొనిరి. అమెరికా జట్టులో ఇద్దరు యూదు యువకులు కలరు. అందుచే ఆటగాండ్రు కదలిన చోటికెల్ల సాయుధులైన రక్షకభటులు కదలిరి. అర్జెంటీనా దేశీయుడు ఎన్రికే మోరియా మధ్యస్థుడుగా నుండెను. గీతల తీర్పరులు మాత్రము స్థానికులు. వారి తీర్పులు ఎటు మొగ్గినవో ఆనాడు చూచినవారందరు ఏకగ్రీవముగ చెప్పుదురు.

మొదటినాడు స్టాన్ స్మిత్తు నస్తాసేను 11-9, 6-2, 6-3 లెక్కను ఓడించెను. తరువాత టిరియాకు, టామ్ గోర్మనుకు రెండు సెట్లు కోల్పోయియు, వెనుకనుండి వచ్చి గెలిచెను. టిరియాకు ఆటకంటె అభినయమున దిట్ట. ఆలసించుట, జనమును రెచ్చగొట్టుట, తీర్పరులవైపు చూచుట ఆతని ఆయుధములు. రెండవనాడు స్మిత్తు, వాన్ డిల్లెను కలిసి జంట ఆటను మూడు సెట్లలోనే ముగించిరి. మూడవనాడు స్మిత్తు, టిరియాకు ఎదురుపడిరి. నాలుగు సెట్లు చెరి రెండుగా ముగిసెను. స్పష్టముగ గీతలోపల పడిన బంతులు వెలుపలవని తీర్పులు వచ్చుచుండెను.

నాయకుని కుర్చీలో కూర్చున్నవాడెవడు? పదునొకండేండ్ల క్రిందట ఇట్టి తీర్పులకే మండిపడి శిక్ష పొందినవాడు. ఇట్టి అన్యాయము జరిగినప్పుడు గుండె యెట్లు కొట్టుకొనునో, చేయి యెట్లు వణకునో, ఆ కోపమున తరువాతి నాలుగు బంతులు ఎట్లు పాడగునో ఆయనకంటె ఎరిగినవాడు ఆ మైదానమున లేడు. కోపమెరుగని సాధువు శాంతిని బోధించిన వినువాడు తలయూపి ఊరకుండును. కోపముచే కాలినవాడు చెప్పిన మాటకు బరువు వేరు. డేవిస్ కప్పు ఆటలో నాయకుడు కోర్టు ప్రక్కనే కూర్చుండి, విరామములలో ఆటగానితో మాటలాడవచ్చును. వింబుల్డను మొదలగు పోటీలలో ఇట్టి అవకాశము ఆనాడు లేదు. గీతపై పడిన బంతి పోయినదేయని ఎంచి, గీతకు బాగుగ లోపలనే కొట్టవలెను, తీర్పరికి పనియే కల్పింపరాదు. ఇది తప్ప ఉపాయము లేదు. స్మిత్తు ఐదవ సెట్టున టిరియాకునకు ఒక్క ఆటయు ఈయలేదు. 4-6, 6-2, 6-4, 2-6, 6-0. కప్పు అమెరికాదే. ఆట ముగియగానే, టిరియాకు యందు తనకుండిన గౌరవము పోయినదని స్మిత్తు ఆతని ముఖముననే చెప్పెను. రాల్స్టను తాను ఆడి గెలిచిన బహుమానములకంటె, తాను ఆడక గెలిపించిన ఈ మూడు దినములే ఆయన పేరును నిలిపినవనుట అతిశయోక్తి గాదు.

ఐనను నాయకత్వమున సుఖము నిలువలేదు. 1973లో లేవరు, న్యూకంబులు తిరిగివచ్చిన ఆస్ట్రేలియా 5-0 లెక్కను ఓడించెను. 1974లో కొలంబియా చేత, 1975లో మెక్సికో చేత పరాభవము కలిగెను. ఆ దినములలో అమెరికాకు మేటి ఆటగాడు జిమ్మీ కానర్సు. 1974లో మూడు మహాబహుమానములు గెలిచినవాడు. ఆతడు రాల్స్టను నాయకత్వమున ఒక్క డేవిస్ కప్పు ఆటయు ఆడలేదు. వారిలో వారికి పొసగలేదు. ఇందు తప్పెవరిదని తీర్పు చెప్పుట సులభము కాదు. బుకారెస్టున పరుల కోపమును అణచగలిగిన నాయకుడు స్వదేశపు కుఱ్ఱవానిని దరిచేర్చుకొనలేకపోయెను. 1975తో నాయకత్వము ముగిసెను.

ఇక కళాశాల కాలము. టెక్సాసు రాష్ట్రమున డల్లాసులో సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయము కలదు. ఎనమండుగురు అందగాండ్రకు వెల పెట్టిన లామర్ హంటు చదివినదియు అచ్చటనే. 1980 తరువాతి దశకమున రాల్స్టను ఆ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టునకు శిక్షకుడుగా చాలకాలము పనిచేసెను.

అమెరికా కళాశాలల పోటీ జట్టుపోటీ. ఆనాటి పద్ధతిలో ఆరు ఒంటరి ఆటలు, మూడు జంట ఆటలు, మొత్తము తొమ్మిది. ఐదు గెలిచిన జట్టు గెలిచినట్లు. కావున ఒక్క అర్జునుడుండిన చాలదు. ఆరవ స్థానమున ఆడు పిల్లవాని ఆటకును మొదటివాని ఆటకును విలువ యొక్కటే. తన కొరకు తానాడు విద్య నెరిగిన పిల్లలకు, ప్రక్కకోర్టున ఆడు తోటివాని గెలుపును తన గెలుపుగా తలచుట నేర్పవలెను. పిల్లలు నాలుగేండ్లకంటె నిలువరు. మేటివారు అంతకు ముందే వెడలిపోవుదురు. కానర్సు 1971లో కళాశాల బహుమానము గెలిచియు, మెకన్రో 1978లో గెలిచియు, చదువు ముగింపకయే వృత్తిలోనికి పోయిరి. ఏటేట కొత్త పిల్లలను వెదకి తెచ్చుట, విద్యార్థివేతనము లెవరికెంతయని పంచుట, పరీక్షలలో తప్పకుండ చూచుట, ఇవన్నియు శిక్షకుని పనియే. ఆటనేర్పుట అందొక భాగము మాత్రమే.

ఇందొక వింత కలదు. కళాశాల విద్యార్థి బహుమాన ధనము పుచ్చుకొనరాదని ఆనాటి నిబంధన. బాహాటముగ ధనము పుచ్చుకొన్నందుకు దేశము పక్షమున ఆడు హక్కును పోగొట్టుకొన్న మనుష్యుడే, ధనము ముట్టరాదని పిల్లలకు చెప్పవలసిన స్థానమున కూర్చుండెను. ఆ నిబంధనలు 2021 జూలై నుండి సడలినవి. విద్యార్థులు తమ పేరు వలన వచ్చు ఆదాయమును పుచ్చుకొనుటకు అనుమతి వచ్చినది. రాల్స్టను అప్పటికి లేడు.

ఆయన శిక్షణలో జట్టు 1983లో దేశపు కళాశాలల తుది పోటీకి చేరెను. ఎదుట స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము. ఆ జట్టు శిక్షకుడు డిక్ గూల్డు, కళాశాలల టెన్నిసున భీష్ముని వంటివాడు. 5-4 లెక్కను స్టాన్‌ఫర్డు గెలిచెను. తొమ్మిదింట ఒక్క ఆట తేడా. వింబుల్డను తుది పోటీవలెనే ఇదియు చేతికందినట్లే అంది జారిన పండు.

శిష్యుల సంగతి. రాడ్నీ హార్మను అను నల్లజాతి యువకుడు టెనిసీ విశ్వవిద్యాలయమునుండి డల్లాసునకు వచ్చి చేరెను. 1982లో అమెరికా బహిరంగ పోటీలో తుది ఎనమండుగురిలో ఒకడై, కానర్సు చేతిలో ఓడెను. ఈ హార్మను తరువాత తానును శిక్షకుడై, 2012లో జార్జియా టెక్ విద్యాసంస్థలో మహిళల జట్టు బాధ్యతను వహించెను. రిచీ రెనిబర్గు అను మఱియొకడు కళాశాల ముగించి వృత్తిలోనికి పోయి, 1992లో అమెరికా పోటీలో జంట ఆట బహుమానము గెలిచి, 1993లో ప్రపంచమున జంట ఆటలో మొదటి స్థానము పొందెను. పదునేడేండ్ల వయసున జంట ఆటతోనే పేరు పొందిన గురువునకు ఇట్టి శిష్యుడు దొరకుట ముచ్చటైన సంగతి.

కళాశాల వెలుపలను ఆయనను వెదకికొని వచ్చినవారు కలరు. రాస్కో టానరు 1979లో వింబుల్డను తుది పోటీకి చేరి బోర్గుతో ఐదు సెట్లు ఆడినది ఈయన శిక్షణలోనే. అందరికంటె గొప్ప పేరు క్రిస్ ఎవర్టుది. ఆమె అప్పటికే మహారాజ్ఞి. నేర్పవలసినదేమి మిగిలినదని తోచును. కాని మార్టినా నవ్రతిలోవా చేతిలో ఆమె వరుసగ పదుమూడు పోటీలు ఓడియుండెను. ముప్పదేండ్ల వయసున, వెనుకగీత యొద్దనే నిలిచి ఆడుటకు అలవాటుపడిన ఆమెచేత దేహబలము పెంచించి, సమయమెరిగి వలయొద్దకు పోవుట అభ్యసింపజేసెను. ముదిరిన చేతికి కొత్త అలవాటు నేర్పుట లేతచేతికి నేర్పుటవంటిది గాదు. 1985లో పారిసున ఎవర్టు నవ్రతిలోవాను 6-3, 6-7, 7-5 లెక్కను ఓడించెను. 1986లో తిరిగి ఆ చోటనే, ఆమెనే ఓడించెను.

మాళవికాగ్నిమిత్రము మొదటి అంకమున ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్పయని కలహించుకొని రాజునొద్దకు వత్తురు. మధ్యస్థురాలైన పరివ్రాజిక, తాను చేయు నేర్పు ఒకనికుండును, ఒరులకందించు నేర్పు ఒకనికుండును, రెండును గలవాడు ముందు నిలువదగునని భావించి, ఆచార్యులను గాక శిష్యుల ప్రదర్శనమునే పరీక్షకు పెట్టించును. రాల్స్టనును ఆ సభలో నిలిపిన ఏమగును? ఆడిన లెక్క చూచిన, వింబుల్డను ఒంటరి బహుమానము లేదు. ఆడించిన లెక్క చూచిన, బుకారెస్టు కలదు, పారిసు కలదు, కళాశాల పిల్లలు కలరు. 1987లో న్యూపోర్టులోని అంతర్జాతీయ టెన్నిసు కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చిరి. ఆటగాడుగా చేర్చిరి. పరివ్రాజిక యుండిన రెండవ లెక్కయు వ్రాయించియుండును.

మోకాళ్లు మాత్రము ఆయనను క్షమింపలేదు. శస్త్రచికిత్సలు ఒకటి వెనుక నొకటి జరిగినవి. నొప్పి తగ్గుటకు తీసికొన్న మందులకు దేహము దాసోహమనెను. ఆ వ్యసనమునుండి బయటపడుటకు చికిత్సాలయమున చేరి, ఆ సంగతిని దాచక నలుగురికి చెప్పెను. 2010లో ఒక కాలు మోకాలి క్రింద తీసివేసిరి. ఆటగానికి కాలు పోవుట యనగా పాటగానికి గొంతు పోవుటయే. ఐనను కొయ్యబారి కూర్చుండక, కృత్రిమపాదము తొడిగి, కోర్టులోనికి తిరిగి పోయెను. కళాశాల ఉద్యోగము విడిచిన తరువాత కొలరాడోలోని బ్రాడ్‌మూరున, అటుపిమ్మట టెక్సాసులోని ఆస్టిను పట్టణమున గ్రే రాక్ అను క్లబ్బులో, చిన్నవారికి పెద్దవారికి పాఠములు చెప్పెను. నస్తాసేను ఓడించిన జట్టును నడిపినవాడు, వల దాటించి బంతి కొట్టుట రాని పిల్లవానికి రాకెట్టు పట్టుకొను విధము చూపుచుండెను. 2020 డిసెంబరు 6న, డెబ్బదియెనిమిదేండ్ల వయసున, క్యాన్సరు వ్యాధిచే ఆస్టినులో మరణించెను.